పాఠకుల ప్రశ్నలు – జవాబులు: పురుగుమందు మొక్కలు, వాటి డీఎన్ఏ గొడవ

ప్రశ్న: సర్, వేపాకు పొడి అని చెప్పి నాకిచ్చిన దాంట్లో నిజంగా వేపే ఉందా, తురకవేప కలిపారా అన్నది డీఎన్ఏ టెస్ట్‌లో తేలుతుందా? పచ్చి ఆకైతే నేనే గుర్తుపడతాను, పొడి దగ్గరే బోల్తా పడుతున్నా.

జవాబు: తేలుతుందండీ. పచ్చి ఆకుంటే డీఎన్ఏ జోలికి పోనే అక్కర్లేదు, వేపకి ఈనెకి అటూ ఇటూ ఒకే వరసలో రెక్కలుంటాయి, తురకవేపకి ఆ ఈనే మళ్ళీ చీలి పిల్ల ఈనెలు పెడుతుంది, పువ్వు ఊదారంగు, పండు గుండ్రంగా ఉంటుంది, వేపపండేమో కోలగా ఉండి మామూలుగా ఒకటే విత్తనం. పొడి చేశాక ఈ గుర్తులన్నీ గాల్లో కలిసిపోతాయి, రెండూ ఒకటే ఆకుపచ్చ పిండి. రెండూ ఒకే కుటుంబం, మెలియేసీ, అందుకే వాసనా రుచీ చూసి నేను చెప్పేస్తా అనేవాళ్ళని నేనైతే నమ్మను.

తేడా ఎందుకంత ముఖ్యమంటే, మనం వేపని వాడేది అందులో పురుగుల్ని ఆపే అజాడిరక్టిన్ అనే పదార్థం కోసం, తురకవేపలో పురుగుల్ని ఇబ్బంది పెట్టే సరుకు వేరే ఉంది గానీ దాంతో పాటు దాని పండ్లలో మెలియాటాక్సిన్లు అనే విషాలు కూడా ఉంటాయి, ఆ పండ్లు తిని పందులు చచ్చిపోయిన కేసులున్నాయి, మనుషులకి కూడా ప్రమాదమే. అంటే కల్తీ జరిగితే మందు పనిచేయకపోవడం ఒకటే కాదు, తగలకూడనివాళ్ళకి తగులుతుంది.

పొడి మీద టెస్ట్ చేసేటప్పుడు చిన్న డీఎన్ఏ ముక్కనే టార్గెట్ చేయాలి. ఎండబెట్టి దంచేసరికి డీఎన్ఏ కూడా ముక్కలు ముక్కలైపోతుంది, పొడుగు ముక్క చదవాలంటే దొరకదు, ఐటీఎస్2 అనే భాగం రెండొందల చిల్లర డీఎన్ఏ అక్షరాలే కాబట్టి పొడిలో కూడా చాలాసార్లు దొరుకుతుంది. ఇంకో దారి, వేపకి మాత్రమే అతుక్కునే ప్రైమర్ (కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ తునక) ఒకటి, తురకవేపకి మాత్రమే అతుక్కునేది ఇంకోటి పెట్టి పీసీఆర్, అంటే ఆ ముక్కకి బోలెడు కాపీలు తీసే పని, చేసి జెల్ మీద గీత వచ్చిందా లేదా చూడటం, సీక్వెన్సింగ్, అంటే అక్షరాలు చదవడం, కూడా అక్కర్లేదు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు పట్టుకుంటే చాలంటారు కదా, ఇక్కడ ఆ సామెత నడవదు, ఒక చిటికెడు తీసుకుంటే అందులో కల్తీ లేకపోవచ్చు, పక్క చిటికెడులో ఉండొచ్చు. అందుకే బాగా కలిపి నాలుగైదు చోట్ల నుంచి తీయండి. ఇంకో మాట, గీత వచ్చిందంటే ఉంది అని అర్థం, ఎంత శాతం ఉంది అనేది ఆ గీత చెప్పదు.

ప్రశ్న: జంతువులకి ఒకే ఒక్క జీన్‌తో బార్‌కోడ్ అంటారు, మొక్కల దగ్గరకొచ్చేసరికి రెండు మూడు పేర్లు చెప్తారు. ఎందుకిలా?

జవాబు: 2003లో కెనడాలో పాల్ హెబర్ట్ వాళ్ళ టీమ్ సీఓఐ అనే మైటోకాండ్రియా జీన్ ముక్కతో జంతువుల్ని గుర్తుపట్టొచ్చని చెప్పింది, బార్‌కోడ్ అన్న మాట అప్పట్నుంచే ఊపందుకుంది. మొక్కల్లో అదే జీన్ బద్ధకం మనిషి, మారదు, దగ్గర చుట్టాలందర్లో ఒకటే అక్షరాలు కనిపిస్తాయి. దాంతో క్లోరోప్లాస్ట్‌లో వెతకడం మొదలుపెట్టారు, చాలా గొడవలు పడ్డాక 2009లో ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే అనే రెండు ముక్కలు కలిపి వాడదాం అని తేల్చారు. అలా చేసినా స్పీషీస్ స్థాయిలో, అంటే ఇది ఫలానా మొక్కే అని, కరెక్ట్‌గా విడదీసింది 72 శాతమే, మిగతావి "ఈ గుంపులో ఒకటి" అన్న దగ్గరే ఆగిపోయాయి. అందుకే జనాలు ట్రన్‌హెచ్-పీఎస్‌బీఏ, ఐటీఎస్ కూడా జోడిస్తారు.

ఉష్ణమండల అడవుల్లో ఇది ఇంకా తమాషాగా ఉంటుంది. పనామాలో బారో కొలరాడో అని ఒక దీవి ఉంది, అక్కడ 296 చెట్లు, పొదల స్పీషీస్ మీద మూడు ముక్కలు వాడి చేస్తే 98 శాతం పైనే పేరు చెప్పగలిగారు, అదే 2009లో ఫ్రెంచ్ గయానా అమెజాన్ చెట్ల మీద వేరేవాళ్ళు చేస్తే 70 శాతం కూడా దాటలేదు. టెక్నిక్ దాదాపు అదే, చుట్టాల సంఖ్యే వేరు. ఒకే జీనస్‌లో, అంటే దగ్గరి చుట్టాల గుంపులో, పదిమంది అన్నదమ్ములు పక్కపక్కనే పెరిగే చోట బార్‌కోడ్ తికమక పడుతుంది, ఒక్కొక్క జీనస్‌కి ఒకరిద్దరే ఉన్న చోట హీరో అయిపోతుంది. ఎవరైనా మా మెథడ్ 98 శాతం కరెక్ట్ అని చెప్తే ముందు ఏ అడవిలో అని అడగండి.

అయినా అక్కడ దీని అవసరం ఎక్కువే ఎందుకంటే పువ్వులు ఎక్కడో ముప్పై నలభై మీటర్ల పైన పూస్తాయి, అదీ కొన్ని చెట్లు ఏడాదికోసారి కూడా పూయవు, కింద నిలబడ్డవాడికి దొరికేది రాలిన ఆకు, బెరడు, వేరు ముక్క. బోటనీ పుస్తకాల్లో గుర్తులన్నీ పువ్వు మీదే కదా.

ప్రశ్న: సర్ నేను ఎమ్మెస్సీ ప్రాజెక్ట్‌లో కానుగ ఆకు నుంచి ఐటీఎస్ సీక్వెన్స్ చేయించాను. రిజల్ట్ చూస్తే కొల్లెటోట్రైకమ్ అని వచ్చింది, అది ఫంగస్ అట. శాంపిల్స్ మారిపోయాయా? గైడ్‌కి చెప్పాలంటే భయంగా ఉంది.

జవాబు: భయపడకండి, శాంపిల్ మారలేదు, మీ ఆకులో అద్దెకున్నవాడు ఫోన్ ఎత్తాడు అంతే! ఉష్ణమండల ఆకు ఏది తీసుకున్నా లోపల కంటికి కనపడని ఫంగస్ కాపురం ఉంటుంది, ఎండోఫైట్లు అంటారు, ఆకు చూడటానికి నిగనిగలాడుతూనే ఉంటుంది. మీరు వాడింది ఐటీఎస్1, ఐటీఎస్4 అనే ప్రైమర్లే అయ్యుంటాయి, అందరూ అవే వాడతారు, కానీ 1990లో వాటిని పబ్లిష్ చేసిందే ఫంగస్ కోసం, మొక్కల్లో కూడా పనిచేస్తాయి కాబట్టి అలవాటైపోయింది. రెండు డీఎన్ఏలూ ఉన్నప్పుడు ఏది ముందు కాపీ అయితే అదే గెలుస్తుంది.

మొక్కలకే అతుక్కునే ఐటీఎస్ ప్రైమర్లు విడిగా ఉన్నాయి, అవి తెప్పించుకోండి. ఆకు ముదురుది కాకుండా లేతది తీసుకోండి, ఆల్కహాల్‌తో తుడవండి, పక్కన ఆర్‌బీసీఎల్ కూడా ఒకటి చేయించండి, ఫంగస్‌కి క్లోరోప్లాస్ట్ లేదు కాబట్టి అది మోసం చేయలేదు. గైడ్‌కి చెప్పేయండి, ఆయనకీ ఒకప్పుడు ఇదే అయ్యుంటుంది.

నా సంగతి ఇంకా ఘోరం. మొదటిసారి డీఎన్ఏ తీసినప్పుడు ట్యూబులో తెల్లటి దారాలు రావాల్సింది, బెల్లం పాకం లాంటి గోధుమరంగు జిగురు వచ్చింది, మూడు వారాలు అదే. పురుగుల్ని తరిమే మొక్కల్లో పాలీఫినాల్స్, టానిన్లు, జిగురు పదార్థాలు దండిగా ఉంటాయి, ఆకు నలిపిన క్షణమే అవి ఆక్సీకరణ చెంది డీఎన్ఏని పట్టుకుని వదలవు, పీసీఆర్ ఎంజైమ్‌ని కూడా ఆపేస్తాయి. అంటే పురుగుకి చేసే పనే మనకీ చేస్తాయన్నమాట. మందు ఇదే, డీఎన్ఏ తీయడానికి 1987 నుంచి అందరూ వాడే సీటీఏబీ పద్ధతిలోనే పీవీపీ అనే పొడి, కొంచెం బీటా మెర్కాప్టోఇథనాల్ కలపండి, కంపు కొడుతుంది కాబట్టి ఫ్యూమ్ హుడ్‌లోనే. నేను పీవీపీ వేయడం మర్చిపోయేవాణ్ణి, అదీ కథ. ఇంకా అడవిలో ఆకు కోసిన వెంటనే బోలెడు సిలికా జెల్ మధ్య పెట్టి ఎండబెట్టాలి, ప్లాస్టిక్ కవర్లో తడిగా వేసుకుని రెండ్రోజుల తర్వాత ల్యాబ్‌కి తెస్తే అది కంపోస్టే. ఫార్మలిన్‌లో అసలు వేయొద్దు.

ప్రశ్న: పోయిన నెల మీ కాలమ్‌లో "సీక్వెన్స్ మ్యాచ్ అయిందంటే మొక్క కరెక్టే, ధైర్యంగా మందుకి వాడుకోవచ్చు" అని రాశారు. మొదటి సగం ఒప్పుకుంటా, రెండో సగం తప్పు. పేరు కరెక్ట్ అయినంత మాత్రాన మందు ఉన్నట్టా?

జవాబు: మీరు కరెక్ట్, నేనే తొందరపడి రాశాను, సారీ. ఈ ప్రశ్న వచ్చినందుకు సంతోషం కూడా, ఎందుకంటే ఈ సబ్జెక్ట్ మొత్తం మీద అందరూ పడే గొయ్యి ఇదే.

టెఫ్రోసియా వోగెలీ అని ఆఫ్రికాలో ఒక పొద ఉంది, మన వెంపలి చెట్టు కుటుంబమే, జీనస్ కూడా అదే. రైతులు దాని ఆకు పొడి గింజల్లో కలిపి పుచ్చుపురుగు పట్టకుండా చూసుకుంటారు, నేలకి నత్రజని ఇస్తుంది కాబట్టి పొలంలో కూడా పెంచుతారు, సాయం చేసే సంస్థలు కూడా విత్తనాలు పంచాయి. కానీ కొందరికి బ్రహ్మాండంగా పనిచేసేది, కొందరికి సున్నా. మలావీలో మొక్కలు సేకరించి చూసి 2012లో రాసిందేంటంటే, ఒకే స్పీషీస్‌లో రెండు కెమోటైపులున్నాయి, అంటే మొక్క ఒకటే, లోపలి రసాయనాలు వేరు, మొదటిదాంట్లో డెగ్యులిన్ లాంటి రోటినాయిడ్లున్నాయి, పురుగు చస్తుంది, రెండోదాంట్లో అవి లేవు, ఫ్లేవనోన్లు ఉన్నాయి, పురుగు దర్జాగా తింటుంది. ఇద్దరి పేరూ టెఫ్రోసియా వోగెలీనే. రెండోరకం విత్తనం అందుకున్న రైతు ఏళ్ళ తరబడి ఆకు కోసి, ఎండబెట్టి, దంచి, గింజల్లో కలిపి, చివరికి "ఈ మొక్కల మందులన్నీ ఉత్తుత్తివే" అని తేల్చేసుకుని ఉంటాడు, ఆయన తప్పేముంది చెప్పండి. స్పీషీస్ బార్‌కోడ్ ఆయనకి "మొక్క కరెక్టే" అని సర్టిఫికెట్ ఇచ్చేది, పోయిన నెల నేనిచ్చినట్టే.

ఇంకో ఉదాహరణ వస. దాని వేరులో బీటా-ఆసరోన్ ఉంటుంది, పురుగుల సంతానాన్ని దెబ్బతీస్తుంది. వసలో క్రోమోజోమ్ సెట్లు రెండున్న మొక్కలు, మూడున్నవి, నాలుగున్నవి అని రకాలున్నాయి. రెండు సెట్ల దాంట్లో బీటా-ఆసరోన్ దాదాపు ఉండదు, మూడు సెట్ల దాంట్లో కొంచెం, నాలుగు సెట్ల దాని నూనెలో ఎక్కువ భాగం అదే. మనం చదివే చిన్న ముక్క సీక్వెన్స్‌లో అక్షరాలు కనిపిస్తాయి గానీ ఆ పుస్తకం ఎన్ని కాపీలున్నాయో కనిపించదు కదా, దానికి ఫ్లో సైటోమెట్రీ (కణంలో మొత్తం డీఎన్ఏ ఎంతుందో కొలవడం) చేయాలి లేదా వేరు కొసలో క్రోమోజోములు లెక్కపెట్టాలి. ఇది పురుగుల లెక్క మాత్రమే కాదు, బీటా-ఆసరోన్ ఎలుకల్లో గడ్డలు తెప్పించింది, అమెరికాలో 1968లోనే వసని తిండిలో వాడకూడదని నిషేధించారు. మూడు సెట్లదీ నాలుగు సెట్లదీ పక్కపక్కన పెడితే నాకైతే తేడా తెలీదు.

వేపలో కూడా చెట్టుకీ చెట్టుకీ అజాడిరక్టిన్ బాగా మారుతుంది, విత్తనంలో మామూలుగా చెప్పే లెక్క 0.2 నుంచి 0.6 శాతం, అందులో ఎంత పుట్టుకతో వచ్చింది, ఎంత ఎండ, వాన, కోసిన టైమ్, ఆరబెట్టిన తీరు వల్ల వచ్చింది అనేది విడదీయడం కష్టం. తడి గింజలు గుట్టపోసి బూజు పట్టించారంటే డీఎన్ఏ నూటికి నూరు వేపే, మందు మాత్రం పోయింది. కాబట్టి పోయిన నెల వాక్యం ఇలా దిద్దుకోండి: డీఎన్ఏ ఎవరు అనేది చెప్తుంది, లోపల ఏముందో హెచ్‌పీఎల్‌సీ అనే కెమిస్ట్రీ టెస్ట్ చెప్పాలి. రెండూ చేయించే స్థోమత లేక ఒక్కటే చేయించగలిగితే, పొడి లేదా నూనె వాడేవాళ్ళు కెమిస్ట్రీకే ఓటేయండి, మొక్క పెంచేవాళ్ళు, విత్తనం పంచేవాళ్ళు ముందు రెండూ చేయించాకే పంచండి.

ప్రశ్న: అయితే ఆ మందు తయారుచేసే జీన్‌నే నేరుగా చూసేయొచ్చు కదా?

జవాబు: ఐడియా మంచిదే, అందరూ అటే పోతున్నారు. కాకపోతే ఒక మందుకి ఒక జీన్ ఉండదు, పెద్ద లైను ఉంటుంది, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారుతూ అణువు తయారవుతుంది. అజాడిరక్టిన్‌నే తీసుకోండి, 1968లో విడదీశారు, అణువు ఆకారం సరిగ్గా తేలేసరికి 1985 వచ్చింది, ల్యాబ్‌లో మొదట్నుంచి తయారుచేయడానికి కేంబ్రిడ్జ్‌లో స్టీవెన్ లే బృందానికి 22 ఏళ్ళు పట్టి 2007లో ముగిసింది. చెట్టు మాత్రం గింజ గింజకీ చేసి పడేస్తోంది.

వేప జీనోమ్ 2012లో బెంగళూరులోని గణిత్ ల్యాబ్స్ వాళ్ళు చదివారు, దాదాపు ఇరవై వేల జీన్లు. తర్వాత 2019లో అజాడిరక్టిన్ లాంటి లిమనాయిడ్లు తయారయ్యే దారిలో మొదటి మూడు మెట్లు దొరికాయి, 2023లో ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్స్ సెంటర్, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వాళ్ళు కలిసి నిమ్మ జాతి మొక్కల్లోంచి, తురకవేపలోంచి 22 ఎంజైమ్‌లు పట్టుకుని, కొన్నిటిని పొగాకు చుట్టం మొక్క ఆకులో పెట్టి అజాడిరోన్ అనే మధ్యదారి అణువు దాకా తెచ్చారు. పేరు దగ్గరగా ఉంది గానీ అజాడిరోన్ వేరు అజాడిరక్టిన్ వేరు, ఇంకా చాలా మెట్లు ఎక్కాలి. చూశారా, వేప రహస్యానికి తురకవేప సాయం చేసింది, మొదటి ప్రశ్నలో మనం తిట్టిన మొక్కే.

ఇంకో చిక్కు, జీన్ ఉండటం వేరు, పనిచేయడం వేరు. ఆకులో ఉన్న డీఎన్ఏ, గింజలో ఉన్న డీఎన్ఏ ఒకటే, అజాడిరక్టిన్ మాత్రం గింజలోనే దండిగా ఉంటుంది. అది చూడాలంటే ఆర్ఎన్ఏ, అంటే పనిచేస్తున్న జీన్ నుంచి వచ్చే కాపీ, తీయాలి, ఎండిన పొడిలో ఆర్ఎన్ఏ సంగతి మర్చిపోండి.

ప్రశ్న: వేపనూనె సీసాలో డీఎన్ఏ దొరుకుతుందా?

జవాబు: పిండి వడపోసిన నూనెలో మిగిలేది నామమాత్రం. కష్టపడి తీసినవాళ్ళున్నారు గానీ మీకెందుకా తిప్పలు, కెమిస్ట్రీ చేయించండి.

ప్రశ్న: డెర్రిస్ వేరు గురించి చదువుతుంటే ఒకచోట లోంకోకార్పస్ అంటారు, ఇంకోచోట డెగ్యులియా, ఇంకోచోట బర్బాస్కో, టింబో, క్యూబ్. ఇవన్నీ ఒకటేనా? నేచురల్ కాబట్టి సేఫ్ అనుకోవచ్చా?

జవాబు: ఒకటి కాదు, కానీ అన్నీ ఒకే వీధివాళ్ళు. డెర్రిస్ ఎలిప్టికా ఆసియా తీగ. లోంకోకార్పస్ యుటిలిస్ అని పాత పుస్తకాల్లో ఉన్నది దక్షిణ అమెరికాది, దాన్నే ఇప్పుడు డెగ్యులియా యుటిలిస్ అంటున్నారు. బర్బాస్కో, టింబో అనేవి అమెజాన్ వైపు చేపల్ని మత్తెక్కించడానికి వాడే ఏ మొక్కకైనా పెట్టేసే పేర్లు, ఊరు మారితే మొక్క మారిపోతుంది. అందుకే డేటాబేస్‌లో వెతికేటప్పుడు పాత పేరు, కొత్త పేరు రెండూ కొట్టాలి, లేకపోతే ఉన్న సీక్వెన్స్ లేదనుకుంటారు. సాగుచేసే బర్బాస్కో కాండం ముక్కలు నాటి పెంచేది కాబట్టి ఒక పొలమంతా ఒకే మొక్క కాపీలై ఉండొచ్చు, పది శాంపిల్స్ చేసి పదీ ఒకేలా వచ్చాయని మురిసిపోకండి.

సేఫ్ సంగతికి వస్తే, లేదు. డెర్రిస్, డెగ్యులియాల్లో అసలు సరుకు రోటినోన్, 1902లో జపాన్ శాస్త్రవేత్త నాగాయి విడదీసి ఆ పేరు పెట్టాడు. కణంలో ఊపిరి లాంటి మైటోకాండ్రియా గొలుసులో మొదటి మెట్టునే పట్టుకుని ఆపేస్తుంది, పురుగుకైనా చేపకైనా అదే గతి, చేపలకైతే మరీ. ఎలుకలకి చాలారోజులు ఎక్కిస్తే పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు వచ్చాయని 2000లో చూపించారు. సీతాఫలం గింజల్లోని అసిటోజెనిన్లు కూడా ఆ మెట్టు దగ్గరే దెబ్బ కొడతాయి, ఆ గింజల పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర పాడవుతుంది, దంచేటప్పుడు కళ్ళజోడు పెట్టుకోండి.

ప్రశ్న: నా దగ్గరున్న వేప లాంటి చెట్టుకి సీక్వెన్స్ చేయిస్తే డేటాబేస్‌లో నూటికి నూరు మ్యాచ్ రెండు పేర్లతో వచ్చింది, అజాడిరక్టా ఇండికా అని ఒకటి, సియామెన్సిస్ అని ఒకటి. దేన్ని నమ్మాలి?

జవాబు: సియామెన్సిస్ అంటే థాయ్ వేప, దాన్ని కొందరు వేరే స్పీషీస్ అంటారు, కొందరు మన వేపలోనే ఒక రకం అంటారు, పెద్దలే తేల్చుకోని పంచాయితీని మీ ఆరొందల అక్షరాలు తేల్చలేవు. పైగా క్లోరోప్లాస్ట్ ముక్క ఎక్కువ మొక్కల్లో తల్లి వైపు నుంచే వస్తుంది, మీది రెండిటి సంకరం అయితే తండ్రి అందులో కనపడనే కనపడడు, ఐటీఎస్ కూడా చేయించి ఒకే చోట రెండు అక్షరాలు కలిసి కనిపిస్తున్నాయేమో చూడండి. ఇంకోటి, పబ్లిక్ డేటాబేస్‌లో ఎవరైనా ఏ పేరైనా రాసి పెట్టొచ్చు, తప్పు పేరుతో ఉన్నవి కావలసినన్ని. ఆ రెండు రికార్డులు తెరిచి హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు) షీట్ నంబర్ దేనికి ఉందో చూడండి, నంబర్ లేనిదాన్ని పక్కన పెట్టేయండి.

ఆకు కూడా ఒకసారి తిరగేసి చూడండి, మన వేపకి అంచు రంపప్పళ్ళలా పదునుగా ఉంటుంది, థాయ్ వేపకి ఆకు పెద్దది, అంచు మొద్దుగానో నున్నగానో ఉంటుంది. ఆకులు ఇంకా పెద్దవై చెట్టు నిటారుగా ఎత్తుగా పోతుంటే మూడోది, ఎక్సెల్సా అయ్యుండొచ్చు, దాంట్లో మర్రాంజిన్ అని అజాడిరక్టిన్‌కి చుట్టం అణువు ఉంటుంది. చెట్టు పూసేదాకా ఆగి, పువ్వుతో ఒక కొమ్మ కోసి కాగితాల మధ్య నొక్కి దగ్గర్లోని హెర్బేరియంకి ఇచ్చేయండి, వాళ్ళిచ్చిన నంబర్‌తో కలిపి మీ సీక్వెన్స్ డేటాబేస్‌లో పెట్టండి.